అగ్గిపుల్ల గీసిన చెయ్యిదేనా తప్పు?

2014 జూన్ 27, శుక్రవారం. ఇంకా పూర్తిగా తెల్లారలేదు. వాకిళ్లు చిమ్ముకుని, ముగ్గులేసుకుని, పాలవాడి కోసం ఎదురు చూసే వేళ. మామిడికుదురు మండలం నగరం గ్రామంలో, భూమిలోంచి వెళ్లే గెయిల్ పైపులోంచి గ్యాసు బయటికొచ్చి ఊరి మీద పొగమంచులా పరుచుకుంది. టీ దుకాణంలో పొయ్యి వెలిగించగానే గుప్పున అంటుకుందని అప్పట్లో పత్రికలు రాశాయి. ఇళ్లు, కొబ్బరిచెట్లు, పశువులు, గూళ్లలో పిట్టలు అన్నీ మాడిపోయాయి. ఇరవై మందికి పైగా ప్రాణాలు పోయాయి. నిద్రలో ఉన్నవాళ్లకి మెలకువ వచ్చే వ్యవధి కూడా లేకపోయింది.

ఆ తర్వాత కొన్నాళ్లకి అమలాపురం నుంచి రాజోలు వెళ్లే బస్సులో ఈ మాటే నడుస్తోంది. "ఆ టీకొట్టతను ఆ క్షణాన పొయ్యి వెలిగించకుండా ఉంటే ఇంత జరిగేది కాదండీ" అన్నాడొకాయన. వెనక సీట్లో కూరగాయల గంప పెట్టుకు కూర్చున్న పెద్దావిడ ఊరుకోలేదు. "అతనేం చేశాడు బాబూ? రోజూ చేసే పనే చేశాడు. రోజూ లేనిదాన్ని గాల్లోకి వదిలిందెవరో అది అడగండి ముందు" అంది. బస్సులో ఇంకెవరూ మాట్లాడలేదు.

ఆవిడ చదువుకున్న మనిషిలా లేదు. కానీ తర్వాత జరిగిన విచారణలో తేలిందీ ఆ మాటే. పొడి గ్యాసు కోసం వేసిన పైపులో నీళ్లు కలిసిన తడి గ్యాసు పంపారనీ, పైపు లోపల తుప్పు పట్టి చిల్లు పడిందనీ బయటపడింది. లీకవుతోందని ఊరివాళ్లు ముందే మొత్తుకున్నామన్నారు. అంటే తప్పు అగ్గిపుల్ల దగ్గర మొదలు కాలేదు. అంతకు చాలా ముందే, తుప్పు దగ్గరా, వినని చెవుల దగ్గరా మొదలైంది.

ఇప్పుడు నగరం సంగతి ఎందుకెత్తానంటారా? మన ఇంట్లో, మన గట్టు కింద ఉన్న చిన్న పైపు సంగతి చెప్పడానికి.

మా వీధిలోనే ఒకింట్లో జరిగింది. పేరెందుకు లెండి. కోడలు పిల్ల మూడు నెలలుగా చెబుతూనే ఉంది, "అత్తయ్యగారూ, పొయ్యి కట్టేశాక కూడా వాసనొస్తోందండీ" అని. "నీకన్నీ వాసనలేనమ్మా, మేం నలభై ఏళ్లుగా వండట్లేదా?" అన్నారావిడ. "వచ్చే నెల చూద్దాంలే" అన్నాడు మొగుడు. పైపు పొయ్యికి తగిలించే చోట బీటలిచ్చింది. దానికి కరెంటు పనివాళ్లు వాడే నల్ల టేపు చుట్టి ఊరుకున్నారు. ఒకరోజు పొద్దున్నే ఆ పిల్ల అగ్గిపుల్ల గీసింది. అదృష్టం, తలుపు తీసి ఉంది. మొహం, రెండు చేతులు కాలి, నెలా పదిహేను రోజులు మంచం మీద ఉంది.

నేను పలకరించడానికి వెళ్లినప్పుడు మంచం చుట్టూ పదిమంది ఉన్నారు. అందరిదీ ఒకే మాట: "కాస్త చూసుకుని వెలిగించొద్దటమ్మా?" ఆ పిల్ల ఏం మాట్లాడకుండా గోడకేసి చూస్తోంది. నాకు బస్సులో పెద్దావిడ గుర్తొచ్చింది. మూడు నెలలు చెప్పింది కదండీ ఈ పిల్ల! వినని మనుషుల్ని ఒక్కరూ అడగలేదేం?

నగరంలో కంపెనీని అడిగాం. అడగాలి కూడా. మరి మన వంటింట్లో ఎవర్ని అడుగుతున్నాం?

మన కోనసీమ వాళ్లకి గ్యాసంటే తెలియనిది కాదు. పొలాల్లో బావులు, ఊళ్ల మధ్య పైపులైన్లు, తాటిపాక దగ్గర రాత్రిళ్లు కనిపించే మంట. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి అంటుకుని 65 రోజుల పాటు మండింది. నాకప్పుడు ఊహ తెలుస్తున్న వయసు. ఆకాశం అలా ఎర్రగా ఉంటే పిల్లలం నిద్రపోకుండా చూసేవాళ్లం. పెద్దవాళ్ల మొహాల్లో భయం ఎందుకో అప్పుడు తెలియలేదు. ఇంత చూసినవాళ్లం. అయినా ఇంట్లో బండ దగ్గరికొచ్చేసరికి "ఏమవుద్దిలే" అంటాం.

గ్యాసు వద్దని నేననట్లేదు. ఎండు కొబ్బరిమట్టలు, డొక్కలు పొయ్యిలో పెట్టి, ఊదుగొట్టంతో ఊది ఊది కళ్లు వాచిపోయిన అమ్మల్ని చూసిన తరం మాది. 1999లో దీపం పథకం వచ్చాక, 2016లో ఉజ్వల వచ్చాక ఎన్నో ఇళ్లలో ఆ పొగ పోయింది. 2024 నవంబరులో మొదలైన దీపం-2లో ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితమన్నారు. మంచిదే. ఉజ్వలలో కనెక్షన్ కూడా ఆడదాని పేరునే ఇస్తారు. పేరు మనదైనప్పుడు పైపు మార్చాలా వద్దా అన్న మాట కూడా మనదే కావాలి కదా!

అసలీ గ్యాసు నైజం ఏమిటో కొంచెం తెలుసుకుందాం. సిలిండర్లో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్. రెండూ గాలికన్నా బరువు. లీకైతే పైకి పోవు. నీళ్లలా కిందికి దిగి, గట్టు కింద, బియ్యం డబ్బాల వెనక, తూము పక్కన పేరుకుంటాయి. లోపల ద్రవంగా ఉన్నది ఒక్క లీటరు బయటికొస్తే దాదాపు 250 లీటర్ల గ్యాసవుతుంది. గాలిలో నూటికి రెండు పాళ్లు కలిసినా చాలు, అంటుకోవడానికి. అందుకే పైన కిటికీ ఉంది కదా అని ధీమా పడకూడదు. గుమ్మం తలుపు తీస్తేనే అది బయటికి పోయేది. పైపు ద్వారా వచ్చే గ్యాసు కథ వేరు. అది మీథేన్. గాలికన్నా తేలిక, పైకి పోతుంది. ఆ కనెక్షన్ ఉన్న ఇళ్లలో పై వెంటిలేటరు ఎప్పుడూ మూయకూడదు.

ఈ గ్యాసుకి స్వతహాగా చెప్పుకోదగ్గ వాసన లేదని మీకు తెలుసా? ఆ కుళ్లు కంపు మనకోసం కావాలని కలిపినది. ఇథైల్ మెర్‌కాప్టాన్ అనే పదార్థం. 1937 మార్చి 18న అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలోని న్యూలండన్ అనే ఊళ్లో వాసనలేని గ్యాసు బడి కింద పేరుకుని పేలింది. దాదాపు 300 మంది పోయారు. ఎక్కువమంది బడిపిల్లలే. ఆ తర్వాతే గ్యాసుకి వాసన కలపాలని అక్కడ చట్టం తెచ్చారు. అంతమంది పిల్లల ప్రాణాల మీద వచ్చిన హెచ్చరికది. దాన్ని ముక్కు మూసుకుని భరించడమో, అగరొత్తి వెలిగించి కప్పెట్టడమో చేస్తామా?

అవునండీ, అగరొత్తి వెలిగించే ఇళ్లున్నాయి! వాసనొస్తే ముందు చెయ్యకూడనివి చెప్పుకుందాం. అగ్గిపుల్ల, లైటరు సరేసరి. లైటు వెయ్యకూడదు. వేసి ఉన్నది ఆర్పకూడదు కూడా. స్విచ్చి ఎటు నొక్కినా లోపల రవ్వ పుడుతుంది. గ్యాసు పోతుందని ఎగ్జాస్ట్ ఫ్యాను వేస్తారు కొందరు, అదీ కూడదు. ఫ్రిజ్ తలుపు తియ్యొద్దు. ఫోను అక్కడ నిలబడి మాట్లాడొద్దు. చెయ్యాల్సింది మూడే పనులు. రెగ్యులేటరు, పొయ్యి నాబులు కట్టెయ్యడం. దేవుడి దగ్గర దీపంతో సహా నిప్పన్నది ఆర్పెయ్యడం. తలుపులు, కిటికీలు బార్లా తెరిచి పిల్లల్ని, పెద్దవాళ్లని బయటికి తీసుకుపోవడం. అప్పుడు బయట నిలబడి 1906కి ఫోను చెయ్యాలి. గ్యాసు లీకుల కోసమే ఉన్న నంబరది, పగలూ రాత్రీ పలుకుతుంది. లీకు ఆగాక రెగ్యులేటరు విప్పి, బండకి తెల్ల మూత పెట్టాలి. ఆ మూత పిల్లలు ఆడుకునే బొమ్మ కాదు, దారంతో బండకే కట్టి ఉంచుకోవాలి.

అసలు లీకు రాకుండా చూసుకునేది ఎలా? ముందు పైపు. నారింజ రంగులో ఉండే సురక్షా పైపు, ఐఎస్ఐ గుర్తున్నది, డీలరు దగ్గరే కొనాలి. ఐదేళ్లకోసారి మార్చాలి. బీటలిస్తే, మెత్తబడితే, ఎలక కొరికితే ఆ రోజే మార్చాలి. మన పెంకుటిళ్లలో, కొబ్బరితోటల మధ్య ఎలకలకి కొదవేముంది! పైపు మీద చేత్తో రాసుకోండి, ఏ నెల ఏ సంవత్సరం కొన్నారో. రెండు మూడు వందల ఖర్చుకి "వచ్చే నెల" అనే మగవాళ్లు ఆ నెలలో ఎన్ని వందలు దేనికి ఖర్చు పెట్టారో లెక్క అడగండి. గొడవ పెట్టుకోమనట్లేదు, అడగమంటున్నాను.

తర్వాత బండ. ఇంటికి తెచ్చిన కుర్రాడు గుమ్మంలో దొర్లించేసి వెళ్లిపోతుంటాడు. "ఆగు నాయనా" అనాలి. బరువు చూపించమనాలి, సీలు చూడాలి. మూత తీయించి, లోపల రబ్బరు వాషరు ఉందో లేదో చూడాలి. వాల్వు మీద సబ్బు నురుగు రాస్తే లీకుంటే బుడగలొస్తాయి. అగ్గిపుల్ల గీసి పరీక్ష చేసేవాళ్లని నేను కళ్లారా చూశాను. అలాంటివాళ్లని లోపలికి రానివ్వకండి. బండ మెడ దగ్గర పట్టీ మీద ఏ, బీ, సీ, డీ అక్షరాల్లో ఒకటీ, పక్కన సంవత్సరం రాసి ఉంటాయి. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బీ అంటే ఏప్రిల్ నుంచి జూన్, అలా మూడేసి నెలలు. ఆ గడువులోగా బండకి పరీక్ష జరగాలి. గడువు దాటినది ఇస్తే తీసుకోవద్దు, వెనక్కి పంపే హక్కు మనకుంది.

బండ ఎప్పుడూ నిలబెట్టే ఉంచాలి. పొయ్యి బండకన్నా ఎత్తులో ఉండాలి. చివర్లో గ్యాసు సన్నగా వస్తోందని బండని పడుకోబెట్టడం, ఊపడం, వేడినీళ్లలో పెట్టడం మహా ప్రమాదం. లోపలి ద్రవం పైపులోకి వచ్చేస్తే మంట మన చేతిలో ఉండదు. రాత్రి పడుకునేముందు, ఊరెళ్లేముందు పొయ్యి నాబుతో సరిపెట్టకుండా రెగ్యులేటరు కట్టెయ్యాలి. పాలు పొంగి మంట ఆరిపోతే గ్యాసు మాత్రం వస్తూనే ఉంటుంది. అందుకని పాలు పెట్టి వీధి అరుగు మీద కబుర్లకి కూచోకూడదని మా అమ్మ కేకలేసేది. అప్పుడు కోపమొచ్చేది, ఇప్పుడు నేనే మా అమ్మాయి మీద కేకలేస్తున్నాను.

వంట చేసేటప్పుడు నూలు బట్టలు కట్టుకుంటే మేలు. నైలాను చీర, పాలియెస్టరు నైటీ అంటుకుంటే కరిగి ఒంటికి పట్టేస్తాయి. గిన్నె దించడానికి పట్టకారో మసిగుడ్డో ఉండగా కొంగెందుకు? గారెల మూకుట్లో నూనె అంటుకుంటే నీళ్లు పోశారా, మంట పైకి లేస్తుంది. పొయ్యి కట్టేసి మూకుడు మీద పళ్లెం మూసేస్తే అదే ఆరిపోతుంది. ఒంటికి అంటుకుంటే పరిగెత్తకూడదు. దుప్పటి చుట్టి నేల మీద దొర్లాలి. కాలిన చోట ఇరవై నిమిషాలు చల్లటి నీళ్లు పోస్తూ ఉండాలి. సిరా, వెన్న, పళ్ల పేస్టు రాయకూడదు. 108కి ఫోను చేసి ఆస్పత్రికి వెళ్లాలి.

ఇక వ్యాపారాలు. మన వైపు ఆడవాళ్లు ఎంతమంది వంటచేసి బతుకుతున్నారో! టిఫిను బళ్లు, బజ్జీల కొట్లు, పెళ్లి వంటలు, స్వీట్లు, అప్పడాలు. ఆత్రేయపురంలో బోర్లించిన కుండ మీద పూతరేకు తీసే ఆడవాళ్లకి కింద ఎండు కొబ్బరాకు మంట కావాలి. అలాంటి పాకలోనే పాకం కోసమో నెయ్యి కోసమో గ్యాసు బండ కూడా పెడితే? ఆకు నిప్పు, బండ ఒక కప్పు కింద ఉండకూడదు. ఆకులు ఒకచోట, బండ వేరే చోట, గాలి తగిలేలా ఉండాలి.

ఇంటి బండ 14.2 కిలోలు, వ్యాపారం బండ 19 కిలోలు. ఇంటి బండతో వ్యాపారం చెయ్యడం నేరం. ధర తేడా చూసి చాలామంది అదే వాడుతున్నారు. ఏదైనా జరిగితే నష్టపరిహారం దగ్గర చిక్కులొస్తాయని వాళ్లకి చెప్పేవాళ్లు లేరు. ఇంకా ఘోరం, పెద్ద బండలోంచి చిన్న బండలోకి గ్యాసు నింపి అమ్మడం. అది నేరమూ, ప్రాణాంతకమూ కూడా. చిన్నది కావాలంటే కంపెనీలే 5 కిలోలది ఇస్తున్నాయి. ఒకచోట వంద కిలోలకి మించి గ్యాసు నిలవ ఉంచాలంటే లైసెన్సు కావాలి. అంటే వ్యాపారం బండలు ఐదు దాటకూడదన్నమాట. పెళ్లిళ్లలో షామియానా గుడ్డ పక్కనే పది బండలు వరసగా పెట్టి వండిస్తున్నాం. ఆడపెళ్లివారమైనా, మగపెళ్లివారమైనా వంటవాళ్లని ఈ ఒక్క మాట అడిగితే గౌరవం తగ్గిపోదు. కనుమనాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థానికి, అంతర్వేది కళ్యాణానికి వెళ్లినప్పుడు పిల్లల్ని బజ్జీల బండికి ఆనుకుని నిలబడనివ్వకండి. బళ్లు పెట్టుకునే అక్కయ్యలు కూడా బండని జనం తొక్కే దారిలో కాకుండా వెనకవైపు నిలబెట్టుకోవాలి. పక్కన తడి గోనెసంచి, బకెట్టు ఇసక ఉంచుకుంటే బరువా?

లంక గ్రామాల వాళ్లకి ఇంకోమాట. 2022 జులైలో వచ్చినంత వరద మళ్లీ రాదనలేం. ఇల్లు వదిలి వెళ్లేటప్పుడు బియ్యం, బట్టలు పైకి పెడతాం, బండ మరిచిపోతాం. ఖాళీ బండ నీళ్లలో తేలిపోతుంది. పైపు ఊడి, వాల్వు దెబ్బతింటుంది. రెగ్యులేటరు విప్పి, మూత బిగించి, బండని నిలబెట్టి స్తంభానికి కట్టి వెళ్లాలి. తిరిగొచ్చాక బురదలో నానిన రెగ్యులేటరు, పైపు, పొయ్యి మెకానిక్కు చూడకుండా వెలిగించొద్దు.

గ్యాసు ప్రమాదాలకి చమురు కంపెనీలు చేయించిన బీమా ఉంటుంది. మనం విడిగా ప్రీమియం కట్టనక్కర్లేదు. మనిషి పోతే 6 లక్షలు, వైద్యానికి మనిషికి 2 లక్షల వరకు, నమోదైన చిరునామాలో ఆస్తి నష్టానికి 2 లక్షల వరకు ఇస్తారు. ఈ సంగతి మా వీధి అమ్మాయి ఇంట్లో ఎవరికీ తెలియదు. ప్రమాదం జరిగిన వెంటనే డీలరుకి రాతపూర్వకంగా చెప్పాలి. పోలీసు రిపోర్టు, ఆస్పత్రి బిల్లులు దాచుకోవాలి. పైపు, పొయ్యి ఐఎస్ఐవేనని చూపించగలిగితే మన మాటకి బలం.

చివరిగా ఒక చేదు మాట. ఒకప్పుడు కిరసనాయిలు స్టౌలు పేలి కొత్త కోడళ్లు చనిపోయేవారు. స్టౌ కోడళ్లకే ఎందుకు పేలుతుందని ఇలాంటి పేజీల్లోనే ఆడవాళ్లు అడిగారు. 1986లో వరకట్న చావుల మీద 304-బి సెక్షను వచ్చింది. పెళ్లయిన ఏడేళ్లలోపు కాలిన గాయాలతో చావు సంభవిస్తే, దానికి కట్నం వేధింపులు తోడైతే, అది ప్రమాదం కింద కొట్టెయ్యడానికి వీల్లేదు. 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహితలో 80వ సెక్షనుగా అదే ఉంది. స్టౌలు పోయి గ్యాసొచ్చింది. మాట మాత్రం మారలేదు, "గ్యాసు లీకైందటండీ" అంటున్నారు. చాలావరకు నిజంగా ప్రమాదాలే. కాదనను. కానీ ప్రతిసారీ ఆ ఒక్క మాటతో సరిపెట్టుకోకూడదు. పైపు ఎప్పుడు మార్చారో, ఆ పిల్ల ఏం చెబుతూ వచ్చిందో ఎవరో ఒకరు అడగాలి. ఆ అడిగేది పక్కింటివాళ్లమైన మనమే.

మా వీధి అమ్మాయి ఇప్పుడు బాగానే ఉంది. చేతుల మీద మచ్చలున్నాయి. మొన్న వాళ్లింటికి వెళితే గట్టు మీద కొత్త నారింజ పైపు, దాని మీద నల్లసిరాతో నెల, సంవత్సరం రాసి ఉన్నాయి. "ఎవరు రాశారమ్మా?" అనడిగాను. "నేనేనండి. పైపు కొనుక్కొచ్చింది మాత్రం అత్తయ్యగారు" అంది. అత్తగారు తల దించుకుని ములక్కాడలు తరుగుతున్నారు. ఆవిడ్ని నేనేమీ అనలేదు. ఎవరో ఒకరు వినడానికి ఇంత ఖరీదు కట్టాల్సి వచ్చిందే అనిపించింది.

ఈ పేజీ మడిచేముందు ఒక్కసారి లేచి మీ గట్టు కిందకి వంగి చూడండి. పైపు మీద తేదీ ఉందా? ఇంట్లో ఎవరైనా ఈమధ్య "వాసనొస్తోంది" అన్నారా? అన్నది పనిమనిషైనా సరే, పదేళ్ల పిల్లయినా సరే, ముందు ఆ మాట వినండి. అగ్గిపుల్ల తర్వాత గీసుకోవచ్చు.